అందరి ఊపిరీ ఇరవయ్యేనా?

నిన్న సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టుకుని 48 మంది ఛార్టులు దిద్దడానికి కూర్చున్నాను. నర్సింగ్ ఫస్టియర్ పిల్లలు మొట్టమొదటిసారి వార్డుకెళ్ళి రాసుకొచ్చినవి. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్, బీపీ. ఒక్కొక్కరికి ఇద్దరేసి పేషెంట్లు, మొత్తం 96 మంది. సగం దిద్దాక ఏదో అనుమానం వచ్చి, మిగతావన్నీ వదిలేసి ఒక్క రెస్పిరేషన్ గడి మాత్రమే చూసుకుంటూ పోయాను. 96 మందిలో 81 మంది నిమిషానికి సరిగ్గా 20 సార్లు ఊపిరి తీస్తున్నారు. 13 మంది 18 సార్లు. ఆక్సిజన్ పెట్టుకుని దిండుకి ఆనుకుని కూర్చున్న తాతకీ 20, కాలు విరిగి కట్టు వేయించుకుని ఫోన్లో రీల్స్ చూసుకుంటున్న కుర్రాడికీ 20, ముందురోజే కాన్పయి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్న అమ్మాయికీ 20. ఇంకా రెండు ఛార్టులు మిగిలాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

కోపం రాలేదు. ముందు నవ్వొచ్చింది, కాసేపటికి అదీ పోయింది. ఎందుకంటే ఆ 20 నాకు పాత పరిచయం.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, నేను నర్సింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి ఫౌండేషన్ చెప్తాను. ఇదివరకు ఏడాది మొత్తానికి ఒకే సబ్జెక్టుగా ఉండేది, 2021లో కొత్త సిలబస్ వచ్చాక సెమిస్టర్లయ్యాయి కాబట్టి ఇప్పుడు ఫౌండేషన్స్-1, ఫౌండేషన్స్-2. పేరేదైనా పని ఒకటే. ఇంటర్ బైపీసీ అయిపోయి, మొన్నటిదాకా అమ్మ అన్నం కలిపి పెడితే తిన్న పిల్లలకి, పరాయి మనిషి ఒంటి మీద చెయ్యి ఎలా వేయాలో నేర్పడం. మంచం మీంచి కదల్లేని మనిషి కింద దుప్పటి ఎలా మార్చాలి, నోరు ఎలా శుభ్రం చేయాలి, స్నానం ఎలా చేయించాలి, బెడ్ పాన్ ఎలా పెట్టాలి, ఇవన్నీ నా వంతు. మొదటిరోజు క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడమ్, ఇంజెక్షన్ ఎప్పుడు నేర్పుతారు?" అని. వాళ్ళ దృష్టిలో నర్సంటే సూది. నిజానికి ఇంజెక్షన్ అంత కష్టమైనదేం కాదు. కండకైతే 90 డిగ్రీలు, చర్మం కిందకైతే 45, చర్మంలోకైతే 10 నుంచి 15. బొమ్మ మీద పాతికసార్లు చేయిస్తే చెయ్యి తిరుగుతుంది. మంచం కొసలు మడిచి ఎన్వలప్ కార్నర్ పెట్టడం కూడా వారంలో వచ్చేస్తుంది. ఎంతకీ రానిది ఊపిరి లెక్కపెట్టడం.

నమ్మరు కదా? ఒక నిమిషం గడియారం చూస్తూ ఛాతీ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టడానికి చదువు కూడా అక్కర్లేదు, ఒకటి నుంచి నలభై దాకా అంకెలొస్తే చాలు. కష్టమంతా ఆ ఒక్క నిమిషం దగ్గరే ఉంది. థర్మామీటరు పెడితే బీప్ అంటుంది, అంకె చూపిస్తుంది. వేలికి క్లిప్పు పెడితే పల్స్, ఆక్సిజన్ రెండూ వచ్చేస్తాయి. ఊపిరికి మాత్రం మామూలు వార్డులో ఇప్పటికీ మిషన్ లేదు. మనిషి పక్కన మనిషి నిలబడి, ఏ పనీ చేయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా 60 సెకన్లు చూడాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లకి అది చాలా పెద్ద నిమిషం. పక్క మంచం వాళ్ళు చూస్తుంటారు, అటెండెంటు "ఏంటమ్మా అలా చూస్తున్నావు" అంటాడు, స్టాఫ్ సిస్టర్ "అమ్మాయ్, ఆ ట్రే అందుకో" అంటుంది. లెక్క పదకొండు దగ్గర తప్పిపోతుంది. మళ్ళీ మొదట్నించీ ఎవరు లెక్కపెడతారు? రాసేయ్, 20.

పైగా ఇందులో ఒక తిరకాసుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంటుకి తెలియకూడదు. తెలిస్తే అది మారిపోతుంది. క్లాసులో దీన్ని చూపించడానికి నేనొక పని చేస్తాను. అందర్నీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, "ఇప్పుడు మీ ఊపిరి ఎలా తీసుకుంటున్నారో చూసుకోండి" అంటాను. అంతే, ఒక్కరికీ మామూలుగా రాదు. ఒకడు బిగబడతాడు, ఒకమ్మాయి యోగా టీచర్లా నిండుగా పీలుస్తుంది, వెనక బెంచీ అంతా కిసుక్కున నవ్వు. (ఇది చదువుతున్న మీకు కూడా ఈపాటికి మారిపోయి ఉంటుంది.) అందుకే పల్స్ చూడ్డం అయ్యాక మణికట్టు మీద వేళ్ళు తీయకుండా, ఇంకా నాడి చూస్తున్నట్టే నటిస్తూ, చూపు మాత్రం ఛాతీ మీదకి మార్చమంటాం. నర్సింగ్‌లో మేం నేర్పే నాటకం ఇదొక్కటే. పేషెంటు చెయ్యి పొట్ట మీద అడ్డంగా పెట్టుకుని ఉంటే మరీ సులువు, ఆ చెయ్యే లేస్తూ దిగుతూ మనకి లెక్క చెప్తుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకుని ఏం చేస్తాను.

నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు మగవాళ్ళ మెడికల్ వార్డులో పోస్టింగ్. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది వద్దు. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు, జ్వరం అని చేరాడు. ఉదయం ఏడున్నరకి నేను టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) ట్రే పట్టుకుని వెళ్ళాను. అప్పట్లో పాదరసం థర్మామీటర్లే, మందు నీళ్ళ సీసాలో దూది మీద నిలబెట్టి ఉండేవి, ఒక్కటి పగిలితే మా స్టయిపెండ్ గోవిందా అని భయం. టెంపరేచర్ జాగ్రత్తగా తీశాను. పల్స్ కూడా తీశాను, 110 చిల్లర వచ్చిందని గుర్తు. తర్వాత ఛార్టులో పైగళ్ళు చూశాను. రాత్రి 20, నిన్న సాయంత్రం 20, నిన్న పొద్దున 20. నేనూ 20 వేసి, సంతకం పెట్టి, పక్క మంచానికి వెళ్ళిపోయాను.

పదకొండు గంటలకి పీజీ డాక్టరొకాయన రౌండ్స్‌లో ఆ మంచం దగ్గర ఆగి, ఛార్టు చూడకుండా పేషెంటునే చూస్తూ నిలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు. "36" అన్నాడు. ఆ తర్వాత ఛార్టు తిప్పి, "ఈ 20 ఎవరు తీశారు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. స్టాఫ్ సిస్టర్ నా వైపు చూసింది. ఆమె రాత్రి డ్యూటీ సిస్టర్ రాసినది చూసి ఏమీ అనలేదు, నన్నే చూసింది, అదొకటి నాకు చాలాకాలం గుచ్చుకుంది. ఆక్సిజన్ పెట్టారు, గంటలో ఐసీయూకి మార్చారు. స్ట్రెచర్ పక్కన సెలైన్ బాటిల్ పైకి ఎత్తిపట్టుకుని పరిగెత్తింది నేనే. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి "ఏమీ లేదులే అమ్మా, కొంచెం ఆయాసం అంతే" అన్నాడు. పొద్దున నేను అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడు ఆ మాట.

తర్వాత ఆయన ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. మర్నాడు ఆ మంచంలో వేరే మనిషి ఉన్నాడు. ఐసీయూ రెండంతస్తుల పైనే, మెట్లెక్కితే తెలిసిపోయేది. ఎక్కలేదు.

ఊపిరి ఎందుకంత ముఖ్యమో అప్పుడు నాకెవరూ చెప్పలేదు. పుస్తకంలో "నార్మల్ 12-20" అని ఒక్క లైను ఉండేది, దాన్ని బట్టీ పట్టాను. ఒంట్లో ఏదైనా తేడా వస్తే, అది ఊపిరితిత్తుల్లో నిమ్ము కానీ, రక్తంలోకి ఎక్కిన ఇన్ఫెక్షన్ కానీ, గుండె నీరసించడం కానీ, షుగర్ పేషెంటుకి రక్తంలో యాసిడ్ పెరగడం కానీ, చాలాసార్లు బీపీ పడిపోవడానికి చాలా ముందే ఊపిరి వేగం పెరుగుతుంది. ఒళ్ళు ముందు సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది, ఆ సర్దుబాటు ఊపిరిలో కనిపిస్తుంది. మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి ఇప్పుడు ఇంగ్లండ్‌లో వార్డు నర్సు. అక్కడ పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో కనిపెట్టడానికి 2012 నుంచి ఒక స్కోరు పద్ధతి ఉంది, 2017లో దాన్ని సవరించారు. ఊపిరి 12 నుంచి 20 అయితే సున్నా. 21 నుంచి 24 అయితే 2 మార్కులు. 25, ఆపైన అయితే ఏకంగా 3, ఆ ఒక్క 3 వచ్చినా వెంటనే పై వాళ్ళని పిలవాల్సిందే. ఆ అమ్మాయి ఫోన్లో ఒక మాటంది: "మేడమ్, మనం రాసే 20 ఉంది చూశారా, అది సున్నాకి ఆఖరి మెట్టు. దాన్ని రాశామంటే, ఈ పేషెంటుని ఎవరూ చూడక్కర్లేదు అని బోర్డు పెట్టినట్టే." నేను నేర్పిన పిల్ల నాకు చెప్తే విన్నాను.

పసిపిల్లలకైతే ఈ లెక్కతోనే నిమ్ము పట్టేస్తారు. రెండు నెలల లోపు పసికందుకి 60, ఏడాది లోపు బిడ్డకి 50, ఐదేళ్ళ లోపు పిల్లాడికి 40, అంతకు చేరితే వేగంగా ఉన్నట్టు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, ఊళ్ళల్లో ఆశా కార్యకర్తలకి కూడా నేర్పుతారు. అసలు మన పల్లెల్లో తల్లులకి ఏ సంస్థా నేర్పక ముందు నుంచీ తెలుసు. "బిడ్డ డొక్కలు ఎగరేస్తోందమ్మా" అంటారు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోందని అర్థం, పుస్తకంలో నిమ్ముకి చెప్పే ముఖ్యమైన గుర్తుల్లో అదొకటి. ఆ మాట విన్నాక ఏ నర్సైనా పరిగెత్తాలి. మా పిల్లలేమో ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చడం తెలీక "తల్లి కంప్లైంట్: దగ్గు" అని రాసేసి వస్తారు.

భాష దగ్గర కాసేపు ఆగాలి నేను. మా పుస్తకాలన్నీ ఇంగ్లీషు, పేషెంట్లందరూ తెలుగు, మధ్యలో పిల్లలు. పేషెంటు హిస్టరీ ఫారంలో "బవెల్ హ్యాబిట్స్" అని ఒక గడి ఉంటుంది. పోయినేడాది ఒకమ్మాయి లంక గ్రామాల నుంచి వచ్చిన తాతని, "తాతగారూ, మీకు బవెల్స్ ఎలా ఉన్నాయి?" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "బావులా? మా ఊళ్ళో ఇప్పుడన్నీ బోర్లేనమ్మా" అన్నాడు. వార్డు వార్డంతా నవ్వు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని వచ్చింది. "విరేచనం అయ్యిందా అని అడగొచ్చు కదా" అన్నాను. "అదంటే లూజ్ మోషన్స్ అనుకుంటున్నారు మేడమ్." అదీ నిజమే. "మరి మీ తాతని ఏమని అడుగుతావు ఇంట్లో?" సిగ్గుపడింది. "దొడ్డికెళ్ళావా తాతా అంటాను." అదే అడగమన్నాను. వెళ్ళి అడిగింది. మూడ్రోజుల నుంచి వెళ్ళలేదని, కడుపు ఉబ్బరంగా రాయిలా ఉందని, అన్నం దగ్గర కూర్చోవాలంటేనే భయంగా ఉందని పది నిమిషాలు చెప్పాడాయన. సగం ఫారం నిండిపోయింది.

అందుకే ఇప్పుడు నేను పిల్లలకి ఒక పని పెట్టాను. పేషెంటు అన్న మాటని ముందు తెలుగులో, వాళ్ళన్నది అన్నట్టు రాసుకోండి, దాన్ని ఇంగ్లీషు చేయడం తర్వాత చూద్దాం. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి", "గుండెల్లో దడగా ఉంది", "కాళ్ళు పీకేస్తున్నాయి", "ఒంట్లో నలతగా ఉంది", ఇవన్నీ వేరు వేరు సంగతులు. అన్నిటికీ కలిపి "వీక్‌నెస్" అని రాయడం కూడా నా దృష్టిలో ఒక రకం 20 రాయడమే. ఇంకో తమాషా, మనవాళ్ళు "నీకు బీపీ ఉందా?" అని అడుగుతారు కదా, మా పిల్లలూ అలాగే అలవాటుపడి ఒక మామ్మతో "నీకు బీపీ లేదులే మామ్మా" అని చెప్పేశారు. బీపీ లేకపోతే మార్చురీకి పంపాలి కదమ్మా అన్నాను.

బీపీ అంటే గుర్తొచ్చింది. నిన్నటి ఛార్టుల్లో బీపీలు కూడా చూశాను, ముప్పావు వంతు సున్నాతో అయిపోతున్నాయి. 120/80, 110/70, 130/90. ఒక్కడు మాత్రం 117/79 అని రాశాడు. బాగా లెక్కపెట్టాడనుకుంటారా? మేం వాడేది గాలి కొట్టే డయల్ మిషను. అందులో గీతకీ గీతకీ మధ్య 2. 116 ఉంటుంది, 118 ఉంటుంది. "117 ఏ గీత మీద చూశావు నాన్నా?" అని అడిగాను. వాడు పాపం నిజాయితీగానే చెప్పాడు: "120/80 రాస్తే మీరు నమ్మరని, కొంచెం నేచురల్‌గా ఉంటుందని అలా రాశాను మేడమ్." ఈ కుర్రాణ్ణే వార్డులో అందరూ "డాక్టరు గారూ" అంటారు. పక్కనే అదే క్లాసు, అదే కోటు వేసుకున్న అమ్మాయిని "ఏమ్మాయ్, కాస్త ఫ్యాన్ వెయ్యి" అంటారు. నర్సింగ్‌లోకి మగపిల్లలు రావాలి, తప్పకుండా రావాలి, కానీ ఈ ఒక్క విషయంలో నాకు ఒళ్ళు మండుతుంది.

వాడు అబద్ధం ఎందుకు రాశాడో తెలుసా? స్టెత్‌లో ఏమీ వినిపించలేదు. మొదటిసారి చాలామందికి వినిపించదు. గొట్టాలు చెవుల్లో వెనక్కి తిరిగేలా పెట్టుకుంటారు, అవి ముందుకి, ముక్కు వైపుకి ఉండాలి. రెండు వైపులున్న స్టెత్ అయితే అటు వైపు తెరుచుకుని ఇటు వైపు చేతి మీద పెడతారు, వేలితో తట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ముందు నాడి మీద వేళ్ళు పెట్టి గాలి కొడుతూ, అది ఏ అంకె దగ్గర ఆగిందో చూసుకుని, అక్కణ్ణించి ఇంకో 30 పైకి కొట్టాలి, ఆ తర్వాత గాలి మెల్లగా వదలాలి, సెకనుకి 2, 3 చొప్పున. పిల్లలు టెన్షన్‌లో టైరు పంక్చరైనట్టు ఒక్కసారి వదిలేస్తారు. శబ్దం వచ్చిందో పోయిందో తెలిసేలోపే ముల్లు కిందికొచ్చేస్తుంది. ఎదురుగా పేషెంటు "ఎంతుంది నర్సమ్మా?" అని ఆశగా చూస్తుంటాడు. ఆ మొహం చూసి "వినిపించలేదు" అనడానికి చాలా ధైర్యం కావాలి.

మా ల్యాబ్‌లో ఒక స్టెత్ ఉంది, రెండు జతల చెవులది, ఒకేసారి ఇద్దరు వినడానికి. నా దృష్టిలో ల్యాబ్ మొత్తంలో విలువైన వస్తువు అదే, లక్షలు పోసి కొన్న బొమ్మకంటే కూడా. ఒక జత నేను పెట్టుకుంటాను, ఒక జత పిల్లకి పెడతాను. మొదటి టక్ వినగానే వేలెత్తమంటాను, ఆఖరి టక్ పోగానే దించమంటాను. వాళ్ళ వేలు లేచిన చోటా, నా చెవికి వినపడిన చోటా ఒకటైనప్పుడు ఆ మొహం చూడాలి మీరు. కళ్ళు ఇంతింత అవుతాయి. "వినిపించింది మేడమ్!" అని అరుస్తారు, నా చెవులు చిల్లులు పడతాయి. 1905లో ఆ శబ్దాల్ని మొదట వివరించినవాడు రష్యా సైన్యంలో పనిచేసిన డాక్టరు కొరోట్కోవ్. పరీక్షకి ఆయన పేరు స్పెల్లింగ్‌తో సహా బట్టీ పడతారు కానీ శబ్దం మాత్రం వినరు.

సరే, తప్పంతా పిల్లలదేనా అంటే, కాదు. మేం నేర్పేదే అలా ఉంది. ఫస్టియర్‌లో చేరిన నెలకే ప్రతి నర్సింగ్ విద్యార్థికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే మాట ఒకటుంది: "రాయకపోతే చేయనట్టే." కోర్టుకెళ్తే కాగితమే సాక్ష్యం, కాబట్టి రాయండి, రాయండి, రాయండి. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. మాట తప్పేం కాదు. కానీ దాన్ని పదే పదే వింటే పిల్లల బుర్రకి ఎక్కేది వేరు: ఖాళీ గడి ఉండకూడదు. ఖాళీ ఉంటే తిట్లు, నిండి ఉంటే సంతకం. చేయనిది రాయడం గురించి మేం ఎంత సేపు మాట్లాడతాం? ఒక క్లాసు చివర్లో, బెల్లు కొట్టే ముందు.

ఇక రికార్డుల సంగతి. మా పిల్లలు రాత్రి రెండింటిదాకా హాస్టల్లో కూర్చుని స్కేలుతో మార్జిన్లు కొట్టి, కిడ్నీ ట్రే బొమ్మ వేసి, షేడింగ్ ఇచ్చి, హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో దిద్దుతారు. ప్రాసీజర్ చేసింది పది నిమిషాలు, రాసింది రెండు గంటలు. కేర్ ప్లాన్ (ఏ పేషెంటుకి ఏ సేవ ఎలా చేయాలో రాసేది) అయితే సీనియర్ల దగ్గర్నుంచి వస్తుంది, సీనియర్లకి వాళ్ళ సీనియర్ల దగ్గర్నుంచి. ఒకసారి ఒకే ఏడాదిలో ఆరు కేర్ ప్లాన్లలో ఒకే పేషెంటు కనపడ్డాడు, పేరు మారింది కానీ ఎడమ కాలి మడమ మీద పుండు మాత్రం మారలేదు. ఆరు రికార్డులకీ ఎవరో ఒకరం సంతకం పెట్టాం. నేను పెట్టినవి రెండు. ఇలాంటి అచ్చు గుద్దిన పుస్తకాల కోసం రాత్రిళ్ళు నిద్ర మానిన పిల్ల పొద్దున్నే వార్డులో నిమిషం పాటు ఊపిరి చూస్తుందని ఎలా అనుకుంటాం?

వార్డులో సిస్టర్లని కూడా తప్పుపట్టలేను. కాగితం మీద నిబంధన జనరల్ వార్డులో ఆరుగురు పేషెంట్లకి ఒక నర్సు. పెద్దాసుపత్రికి ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి అసలు సంగతి తెలుసు. 40 మంది ఉన్న వార్డులో ఒక్కొక్కరికి ఊపిరికే ఒక నిమిషం అంటే 40 నిమిషాలు. ఈలోపు యాంటీబయాటిక్ టైమవుతుంది, కొత్త అడ్మిషన్ వస్తుంది, ఎవరికో సెలైన్ అయిపోతుంది. వాళ్ళు 20 రాయడం వెనక ఇంత కథ ఉంది. కానీ ఫస్టియర్ పిల్లకి ఇద్దరే పేషెంట్లు, మూడు గంటల టైము. వాళ్ళకి ఇంత తీరిక మళ్ళీ ఉద్యోగంలో దొరకదు. ఇప్పుడు కూడా లెక్కపెట్టకపోతే ఇంకెప్పుడు పెడతారు?

మే 12న, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజున, ఏటా దీపాలు వెలిగిస్తాం, తెల్ల యూనిఫాంలో పిల్లలు వరసగా నిలబడి ప్రమాణం చేస్తారు, తల్లిదండ్రులు కళ్ళు తుడుచుకుంటారు. నైటింగేల్ అంటే దీపం. నేను చదువుకున్నప్పుడూ అంతే, మాకు పాఠం చెప్పిన మలయాళీ మేడమ్ చాలా భక్తిగా ఆ దీపం బొమ్మ వేయించింది. నైటింగేల్ గొప్ప లెక్కల మనిషని నాకు ఎం.ఎస్సీ.లో గానీ తెలీలేదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కంటే జబ్బులతో ఎక్కువమంది పోయారని నెల నెలా లెక్కలు తీసి, రంగుల పటం గీసి ప్రభుత్వానికి చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యురాలైన మొదటి మహిళ ఆవిడే. ఆ ఆసుపత్రుల్లో చావుల్ని కూడా ఎవరో గడి నింపినట్టు నింపేసి ఉంటే ఆ పటం ఉండేది కాదు. ఈ ఏడాది నుంచి దీపం పాఠం పావుగంటలో ముగించి మిగతా టైము ఆ పటం మీద పెడుతున్నాను. పిల్లలకి పెద్దగా నచ్చలేదు, దీపమే బాగుందట.

ఇంతకీ మిగిలిన రెండు ఛార్టులు.

ఒకదాంట్లో రెస్పిరేషన్ గడి ఖాళీ. అలవాటు ప్రకారం ఎర్ర పెన్నుతో సున్నా చుట్టబోయి, కింద చిన్న అక్షరాలు చూశాను: "తీయలేదు. పేషెంటు స్కానింగ్‌కి వెళ్ళారు." చెయ్యి ఆగిపోయింది. ఈ పిల్ల లేని అంకెని పుట్టించలేదు, ఆ పిల్లకే నేను మార్కులు తీసేయబోయాను. అక్కడికక్కడే ఒక నిర్ణయం తీసుకున్నాను, ఇవాళ పొద్దున క్లాసులో చెప్పేశాను కూడా. కారణం రాసిన ఖాళీ గడికి ఫుల్ మార్కులు. "వినిపించలేదు, మేడమ్‌ని పిలిచాను" అని రాసినా ఫుల్ మార్కులు. లెక్కపెట్టకుండా రాసిన అంకె దొరికితే సున్నా. క్లాసంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు లేచి, "మేడమ్, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా అలాగే వేస్తారా?" అన్నాడు. మంచి ప్రశ్న. వెయ్యరు. ఆ మాటే చెప్పాను.

దొరికితే అన్నాను కదా, ఎలా దొరుకుతారో కూడా వాళ్ళకే చెప్పేశాను. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే 16, 20, 24 ఇవే వస్తాయి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే ఎప్పుడూ సరి సంఖ్యే. బేసి సంఖ్య రావాలంటే మాత్రం నిమిషం మొత్తం నిలబడాలి.

రెండో ఛార్టులో 23 ఉంది.

ఇవాళ ఆ అమ్మాయిని పిలిచాను. భయపడుతూ వచ్చింది, సన్నగా, వాచీ చేతికి వదులుగా ఉంది, సెకన్ల ముల్లున్నది కొనుక్కోమంటే వాళ్ళ నాన్నది తెచ్చుకుందట. "మేడమ్, నార్మల్ 20 దాకా అని తెలుసు, కానీ నాకు 23 వచ్చింది, రెండుసార్లు చూశాను" అంది, నేనేమీ అడగకుండానే. బీపీ 117 రాసినవాడు గుర్తొచ్చి, పద చూద్దాం అన్నాను. ఇద్దరం వార్డుకి వెళ్ళాం. ఆ 23 వచ్చిన మామ్మ మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నాడి చూస్తాను మామ్మా" అంది, నేను మంచం కాళ్ళ వైపు నిలబడి దుప్పటి సర్దుతున్నట్టు నటించాను. నిమిషం అయ్యాక బయటికొచ్చి చెప్పుకున్నాం. ఆ అమ్మాయి లెక్కకి 21, నా లెక్కకి 22. మధ్యలో మామ్మ ఒకసారి దగ్గింది, నేను దాన్ని కలిపాను, ఆమె కలపలేదు.

"ఏది రాయమంటారు మేడమ్?"

"నీకెంత వచ్చింది?"

"21."

జేబులోంచి పెన్ను తీసి రాసుకుంది. పక్కన బ్రాకెట్లో "దగ్గు ఉంది" అని కూడా రాసింది. ఆ మాట వార్డు సిస్టర్‌కి చెప్పి రమ్మని పంపాను.